అత్తయ్య కాలూ, కారు బ్రేకూ

మా మేనత్త కారు తాళాలు తనంతట తానే మామయ్య చేతిలో పెట్టిందని నాన్న చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగు ఆఖరి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్న వేసవి అది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. చేతిలో పని లేదు. నాన్న మాట పూర్తికాకముందే కడియం వెళ్తానన్నాను.

కడియంలో కాలువ పక్కన వాళ్లకు నర్సరీ ఉండేది. గులాబీలు, క్రోటన్లు, మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు. మొక్కల సంగతి మామయ్య చూసుకునేవారు. మొక్కలు కొనే మనుషుల సంగతి అత్తయ్య చూసుకునేది. రాజమండ్రిలో ఆర్డరు మాట్లాడాలన్నా, లారీ ఆఫీసుకు వెళ్లాలన్నా, తక్కువపడ్డ మొక్కల్ని పక్క ఊరి నుంచి సర్దుకోవాలన్నా ఆవిడే కారు తీసేది. మామయ్యకు డ్రైవింగు రాదు. పెళ్లైన కొత్తలో ఒకసారి నేర్చుకోబోయి ఎర్రమట్టి కుప్ప ఎక్కించారట. తర్వాత ఆ జోలికి పోలేదు. కారులో ఎడమ పక్క సీటు ఆయనది, అంతే.

అంతకు రెండేళ్ల కిందట తడి గట్టు మీద జారి అత్తయ్య కుడికాలు విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది, ఆవిడ నడిచింది, మళ్లీ కారు నడిపింది. ఆ విషయం అందరూ మర్చిపోయారనుకునే సమయానికి ఎండలు ముదిరాయి. బ్రేకు తొక్కడానికి కాలు చాలడం లేదని ఆవిడ అనడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం పూలమార్కెట్టు దగ్గర మొక్కల లారీ వెనక ఆపబోతే కారు ఆగాల్సిన చోట ఆగలేదు. లారీ వెనక నుంచి బయటికి వేలాడుతున్న కొబ్బరి మొక్కల ఆకులు బానెట్టు మీదుగా వచ్చి అద్దానికి తగిలాయి. దెబ్బలేమీ తగల్లేదు. ఇంటికొచ్చాక తాళాలు మామయ్య చేతిలో పెట్టింది. ఆయన వెంటనే ఒక డ్రైవరుతో మాట్లాడారు. అతను వచ్చే సోమవారం నుంచి పనిలోకి రావాలి.

నేను వెళ్లేసరికి అత్తయ్య షెడ్డులో స్టూలు మీద కూర్చుని గులాబీలకు అంటు కడుతోంది. ఒకచోట కూర్చుని చేసే పని ఆవిడ ఎప్పుడూ చేయగా చూడలేదు. వరసల మధ్య తిరుగుతూ నలుగురి చేత చేయించే మనిషి.

“ఏంట్రా, కారుని చూడ్డానికొచ్చావా, నన్ను చూడ్డానికొచ్చావా?” అంది తల ఎత్తకుండానే.

“ఇద్దర్నీ.”

“అయితే ముందు దాన్ని చూసేసి రా. దానికైతే ఏ రోగం లేదుట.”

నాకు ఏదైనా వరసలో అడిగితే తప్ప తోచదు. ఎప్పటి నుంచి, ఏ పూట, ఏ రోడ్డు మీద, ఎంతసేపు నడిపాక అని అడిగాను. ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. పొద్దున్న బయల్దేరినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. రాజమండ్రిలో పనులు చూసుకుని ఎండలో తిరిగొచ్చేటప్పుడు కాల్లో సత్తువ ఉండదు. మొదటిసారి తొక్కితే ఫరవాలేదు. వెంటవెంటనే తొక్కాల్సి వస్తే గోడని తొక్కినట్టు ఉంటుంది. చలికాలంలో ఇలా లేదు. శివరాత్రి వెళ్లాక మొదలైంది, రోజురోజుకీ ఎక్కువైంది.

ఆవిడ మాటల్లో ఒకటి గమనించాను. నేను బ్రేకు గురించి అడుగుతున్నాను, ఆవిడ కాలు గురించి చెబుతోంది. రెంటికీ మధ్య తేడా ఆవిడకు అప్పటికే పోయింది.

“డ్రైవరొస్తే హాయి కదా అత్తయ్యా,” అన్నాను, ఏమంటుందో విందామని.

అంటు కట్టే చెయ్యి ఆగింది. “డ్రైవరుంటే ఎక్కడికెళ్లాలో ముందు చెప్పాలి కదరా. ఎవరికీ చెప్పకుండా వెళ్దామనే కదా నేను నేర్చుకున్నది,” అంది.

ఆ కారు పాతదే అయినా అందులో పవర్ బ్రేకు ఉంది. దాని పని చెప్పుకోవాలంటే కష్టం కాదు. పెట్రోలు ఇంజను నడుస్తున్నంతసేపూ గాలిని లోపలికి పీలుస్తూ ఉంటుంది. ఆ పీల్పులో కొంత ఒక రబ్బరు పైపు ద్వారా బ్రేకు పెడలు ముందున్న గుండ్రటి డబ్బాకు చేరుతుంది. దాన్ని బూస్టరంటారు. మనం పెడలు తొక్కినప్పుడు ఆ డబ్బా లోపలి ఖాళీ మన కాలితో పాటు తనూ ఒక తోపు తోస్తుంది. అది లేకపోతే బ్రేకు పడదని కాదు. పడుతుంది, కాని బరువంతా కాలి మీదే. బలమైన కాలున్నవాడికి తేడా తెలియకుండా పోవచ్చు కూడా.

మర్నాడు పొద్దున్నే కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. అప్పటికే రెండుసార్లు చూశానన్నాడు, అయినా నా కోసం మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఇంజను ఆపి పెడలు బిగిసేదాకా నాలుగైదుసార్లు తొక్కాడు. కాలు దాని మీదే ఉంచి ఇంజను స్టార్టు చేశాడు. పెడలు కొద్దిగా కిందికి దిగింది. బూస్టరు బతికే ఉందనడానికి అదే గుర్తు. తర్వాత ఇంజను ఆపి, కాసేపు ఆగి తొక్కాడు. మొదటి తొక్కుడు మెత్తగా వెళ్లింది. అంటే డబ్బాలో లీకు లేదు. బ్రేకు ఆయిలు సరిపడా ఉంది. ప్యాడ్లు అరగలేదు. పైపు నల్లగా, శుభ్రంగా ఉంది. రెండు చివర్లా క్లిప్పులు బిగించి ఉన్నాయి. చెవి పెట్టి విన్నా బుస్సుమనే చప్పుడు లేదు. కాలేజీలో నేర్చుకున్న పద్ధతీ అదే. ఆయన వదిలేసింది ఒక్కటీ కనబడలేదు.

చేతులు తుడుచుకుంటూ ఆయన గొంతు తగ్గించి, “బాబుగారూ, మనలో మాటండి. అమ్మగారి ముందు అనలేక ఊరుకున్నాను. బండిలో ఏం లేదండి,” అన్నాడు.

తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచించాను. అత్తయ్య చెప్పింది అబద్ధం కాదు. మెకానిక్ చెప్పిందీ అబద్ధం కాదు. పొద్దున్న బాగుండి మధ్యాహ్నానికి బిగిసే బ్రేకుకు ఇంట్లో అందరూ ఒప్పుకున్న కారణం ఒకటుంది: పొద్దున్న కాలు తాజాగా ఉంటుంది, మధ్యాహ్నానికి అలిసిపోతుంది. ఆ కారణంలో తప్పు పట్టడానికేమీ లేదు. కాని పొద్దున్న చల్లగా ఉండి మధ్యాహ్నానికి మారేది కాలొక్కటే కాదు. ఇంజను కూడా వేడెక్కుతుంది. ఆవిడ అలిసేదీ కారు వేడెక్కేదీ ఎప్పుడూ ఒకేసారి జరుగుతున్నాయి కాబట్టి, తప్పు ఎవరిదో ఎవరికీ తెలిసే దారి లేదు. రెంటినీ విడదీయాలి. అలిసిన అత్తయ్యను చల్లటి కారులో కూర్చోబెట్టాలి. తాజాగా ఉన్న అత్తయ్యను వేడి కారులో కూర్చోబెట్టాలి.

భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను. అత్తయ్య మజ్జిగ పోస్తూ ఆగిపోయింది. మామయ్య మాత్రం అన్నం కలుపుకుంటూనే, “ఇదేమన్నా మీ కాలేజీ ల్యాబా? మనిషిని పెట్టి పరీక్షలేంటి?” అన్నారు.

బయటికి తీసుకెళ్లను, కారు కదలను కూడా కదలదు, షెడ్డులోనే నిలబెట్టి పెడలు తొక్కిస్తానన్నాను. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. తర్వాత అన్న మాట కోపంగా అనలేదు. “కొబ్బరాకులు అద్దానికి తగిలినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తనకేమన్నా అవుతుందేమోనన్న భయమే గాని నాకు కారు మీద కోపమా, కాలు మీద కోపమా? నువ్వు తనకి లేనిపోని ఆశ పెట్టకు.”

ఆ మాట నా మనసులో గట్టిగానే నాటుకుంది. తేలేది కాలే అయితే, ఇప్పటిదాకా ఉన్న అనుమానాన్ని నేను రుజువు చేసి ఆవిడ చేతిలో పెట్టినట్టవుతుంది. ఆ సంగతి అత్తయ్యకూ తెలుసు. అయినా, “చెయ్యనీయండి. ఏదో ఒకటి తేలిపోతుంది,” అంది.

మొదటి పరీక్ష మర్నాడే. కారుని ముందు రోజు సాయంత్రం నుంచి షెడ్డులోనే, షేడ్ నెట్ నీడలో ఉంచేశాను. అత్తయ్యను మాత్రం పూర్వంలాగా పొద్దున్న నుంచీ నర్సరీ అంతా తిరగమన్నాను. ఆవిడ తిరిగింది. మొదట్లో కొంచెం అనుమానంగా అడుగులు వేసింది. కాసేపటికి అలవాటు పైకొచ్చింది. క్రోటన్ల దగ్గర ఎవరో సంచుల్లో మట్టి సగమే నింపుతున్నారని కేకలేసింది. కాలువ గట్టు దాకా వెళ్లి నీళ్లు తోడే ఇంజను దగ్గర మనిషికి ఏదో చెప్పి వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చీర కుచ్చెళ్లకు మట్టి అంటుకుని, ముఖం కందిపోయి షెడ్డుకి చేరింది.

“కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి తొక్కుతాను.”

“వద్దత్తయ్యా, ఇలా అలిసిపోయి ఉన్నప్పుడే తొక్కాలి.”

“మనిషి అలిసిపోవాలని కోరుకునే మేనల్లుడు నాకొక్కదానికే దొరికాడు,” అంటూ డ్రైవింగు సీట్లో కూర్చుంది. తాళాలు నేను ఇస్తే తీసుకుంది.

ఇంజను స్టార్టయింది. తొక్కమన్నాను. పెడలు మెత్తగా కిందికి వెళ్లింది. మళ్లీ తొక్కమన్నాను. మళ్లీ వెళ్లింది. వెంటవెంటనే తొక్కమన్నాను. ప్రతిసారీ అంతే మెత్తగా, అంతే దూరం వెళ్లి ఆగింది. అత్తయ్య నా వైపు చూసింది.

“మళ్లీ తొక్కనా?”

“నీ ఇష్టం వచ్చినన్నిసార్లు తొక్కు.”

తొక్కింది. నేను చాలనేదాకా కాదు, తనకు చాలనిపించేదాకా తొక్కింది. తర్వాత తనే ఇంజను ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఊరికే కూర్చుంది. పొద్దున్న నుంచీ నడిచి వచ్చిన కాలు అది. ఆ కాలే తొక్కింది.

మొక్కలకు నీళ్లు పడుతున్న మామయ్య పైపు వదిలేసి దూరం నుంచి చూస్తున్నారు. దగ్గరికొచ్చి, “నిలబడున్న కారులో తొక్కితే తొక్కింది. ఒక్కదానికే అయిపోయిందా?” అన్నారు. ఆయన అన్నది సరైన మాటే. పరీక్ష సగమే అయింది.

మిగతా సగానికి అత్తయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఎందుకంటే మర్నాడు పొద్దున్నంతా ఆవిడ ఏ పనీ చేయకుండా వాలుకుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకోవాలి. అటు ఆవిడ కూర్చుంటే ఇటు నేను కారు తీసుకుని ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెళ్లాను. కావాలనే ఎండెక్కాక బయల్దేరాను. ట్రాక్టర్ల వెనకా, గడ్డిబండ్ల వెనకా ఆగుతూ కదులుతూ నడిపాను. తిరుగుదారిలో పెడలు బిగిసినట్టే నాకనిపించింది. కాని నా కాలిని నేను నమ్మలేదు. ఎలా ఉంటే బాగుండునో ముందే అనుకున్నవాడి కాలు అది.

నర్సరీలోకి వచ్చి ఇంజను ఆపకుండా దిగాను. అత్తయ్య అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది, కుర్చీ మీద కసి తీరినట్టు దాన్ని మడిచి గోడకి ఆనించేసి. సీట్లో కూర్చుని తొక్కింది. మొదటిది వెళ్లింది. రెండోది సగంలో ఆగింది. మూడోది అసలు కదల్లేదు.

“అదే,” అంది. “అదేరా. ఆ గోడే.”

బ్రేకు పనిచేయకపోతే అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. “ఏవండీ, ఒకసారి ఇలా రండి,” అని మామయ్యను పిలిచి తను దిగింది. మామయ్య అటూ ఇటూ చూసి, చెప్పులకున్న మట్టి దులుపుకుని, ఎర్రమట్టి కుప్ప నాటి తర్వాత మొదటిసారి డ్రైవింగు సీట్లో కూర్చున్నారు. గేరు న్యూట్రల్లో ఉందని నేను రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. తొక్కారు. ఇంకా గట్టిగా తొక్కారు. మోకాలు ముందుకు వంగిపోయింది గాని పెడలు దిగలేదు.

ఆయన పెడలు మీద నుంచి కాలు తియ్యకుండానే అత్తయ్య వైపు చూశారు. “దీంతో ఇన్నాళ్లూ నడిపావా?” అన్నారు.

కాలు మీద నేరం కొట్టేసినట్టే. ఇక మిగిలింది దొంగని పట్టుకోవడం.

వేడెక్కితేనే వచ్చే జబ్బు కాబట్టి వేడి చల్లారకముందే వెతకాలి. బానెట్టు ఎత్తాను. ఇంజను ఆపి చూడమని మామయ్య గట్టిగానే చెప్పారు, ఫ్యానులో చెయ్యి పడుతుందని. ఆ ఇంట్లోనే కాదు, ఎక్కడైనా అందరూ పాటించే జాగ్రత్త అది. బానెట్టు ఎత్తే ముందు ఇంజను ఆపేస్తారు. ఆ ఒక్కసారికి ఆపనన్నాను. ఫ్యానుకు దూరంగా, వెనక వైపు నుంచి చెయ్యి పెట్టి, బూస్టరు దగ్గర మొదలుపెట్టి పైపుని వేళ్లతో తడుముతూ వెళ్లాను. గుండ్రంగా ఉంది, గుండ్రంగా ఉంది. ఎయిర్ ఫిల్టరు డబ్బా వెనక పైపు వంపు తిరిగే చోట నా వేళ్లకు పైపు తగల్లేదు. రిబ్బను తగిలింది. అంత పలచగా అణిగిపోయి ఉంది.

అత్తయ్యను మళ్లీ సీట్లోకి వచ్చి ఇంజను ఆపమన్నాను. ఇంజను ఆగగానే నా వేళ్ల కింద ఆ రిబ్బను మెల్లగా ఉబ్బి మళ్లీ పైపు అయిపోయింది. స్టార్టు చెయ్యమన్నాను. మళ్లీ అణిగింది.

ఇంతకాలం ఎవరికీ ఎందుకు కనబడలేదో అప్పుడు తెలిసింది. పైపు చల్లగా ఉన్నప్పుడు బిరుసుగా ఉండి పీల్పుని తట్టుకుంటోంది. ఇంజను వేడికి మెత్తబడితే లోపలి పీల్పుకు చదునైపోయి దారి మూసుకుంటోంది. ఇంజను ఆపి చూసేవాళ్లకు మాత్రం గుండ్రంగానే కనబడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినప్పుడే ఇంజను పీల్పు అన్నిటికన్నా ఎక్కువ. మనం బ్రేకు తొక్కబోయేదీ సరిగ్గా అప్పుడే. అంటే సాయం కావాల్సిన క్షణంలోనే ఆ పైపు గొంతు నొక్కుకుంటోంది. డబ్బాలో అంతకుముందు దాచుకున్నదానితో ఒక్కసారి తొక్కగలం. రెండోసారికి సరిపడా మిగలదు.

ఎయిర్ ఫిల్టరు పక్కకు జరిపి ఇద్దరికీ చూపించాను. మామయ్య వంగి చూశారు. అత్తయ్య వంగి చూసి, మరీ దగ్గరికి వంగి, నెమ్మదిగా నిటారుగా నిలబడింది.

“అది నేనేసిన పైపేరా,” అంది.

చలికాలంలో, నర్సరీలో కొబ్బరిపొట్టు బస్తాలు దింపించిన రోజుల్లో, ఎలుకలు కారులోకి చేరి పాత పైపుని కొరికేశాయట. పొద్దున్నే రాజమండ్రి వెళ్లాలి. చూస్తే పైపుకి కన్నం. నర్సరీలో పైపులకు కరువా? మొక్కలకు నీళ్లు పట్టే నల్ల పైపు లావు సరిగ్గా సరిపోయింది. కత్తితో ముక్క కోసి, చివర్లు వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, తొడిగి, క్లిప్పులు బిగించేసింది. కారు స్టార్టు చేసి తొక్కి చూసుకుంది కూడా. చక్కగా పనిచేసింది. ఆ నెలా, ఆ పై నెలా చక్కగానే పనిచేసింది. చూడ్డానికి అసలు పైపులాగే నల్లగా ఉండటంతో మెకానిక్‌కి గాని నాకు గాని అనుమానం రాలేదు. బాగుపడ్డ పనిని తర్వాత ఎవరూ తలుచుకోరు, ఆవిడా తలుచుకోలేదు.

కాసేపు ఆ పైపునే చూస్తూ నిలబడి, ఎవరితోనో అన్నట్టు కాకుండా తనలో తనే, “సక్షన్‌కి డెలివరీ పైపు వేశానన్నమాట,” అంది.

కాలువ పక్కన పెరిగిన ఎవరికీ ఆ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. చేలకు నీళ్లు తోడే ఇంజనుకు రెండు పైపులుంటాయి. కాలువలోకి దిగే సక్షను పైపు లావుగా, గట్టిగా, లోపల చుట్టలు చుట్టిన తీగతో ఉంటుంది. నీళ్లు బయటికి పోసే డెలివరీ పైపు మెత్తగా ఉన్నా ఫరవాలేదు, లోపలి నీళ్లే దాన్ని ఉబ్బించి నిలబెడతాయి. మెత్తటి పైపుతో నీళ్లు లాగించాలని చూస్తే అది అప్పడంలా అతుక్కుపోతుంది, ఇంజను ఊరికే అరుస్తుంది. ఆ సంగతి మా అత్తయ్యకు పుట్టింటి నుంచే తెలుసు. పంపుసెట్టు దగ్గరైతే నిద్రలో కూడా ఆ తప్పు చెయ్యదు.

మామయ్యకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి.

“ఆ పైపుని కాలవలోకి దింపుతావా నువ్వు?” అన్నారు.

“దింపనండి.”

“మరి కారుకెలా పెట్టావు?”

“కారు నీళ్లు తాగదు కదా అనుకున్నాను.”

“గాలి తాగుతుందని మీవాడు ఇంజనీరింగు చదివొచ్చి చెప్పాలా?”

“మీరు ఎడమ సీట్లో కూర్చుని చెప్పొచ్చుగా.”

వాళ్లిద్దరూ అలా మాట్లాడుకోవడం నేను వచ్చిన తర్వాత అదే మొదటిసారి వినడం.

సరైన పైపు రాజమండ్రిలో స్పేరు పార్టుల దుకాణంలో దొరికింది. లావుగా, గోడల్లో దారపు అల్లిక ఉన్నది. రెండు వేళ్లతో నొక్కితే లొంగనిది. మెకానిక్ దాన్ని బిగిస్తూ, తీసేసిన ముక్కని వెలుగులో తిప్పి చూసి, “మీరెప్పుడూ పొద్దున్నే తెస్తారండి బండి. నర్సరీవాళ్లందరూ అంతే, ఎండెక్కితే మొక్కల దగ్గరుండాలంటారు. నేను చూసినప్పుడల్లా ఇంజను చల్లగానే ఉందండి,” అన్నాడు. ఆ తర్వాత ఎవరు బ్రేకు గురించి వచ్చినా ముందు ఒక చుట్టు తిరిగి రమ్మంటానన్నాడు. పైపు పెట్టాక మళ్లీ పరీక్షించాం, ఈసారి బాగా వేడెక్కించి. నేను తొక్కాను, ఆయన తొక్కాడు. పెడలు ప్రతిసారీ దిగింది.

డ్రైవరు సంగతి మామయ్యే చూసుకున్నారు. సోమవారం దాకా ఆగకుండా తనే వెళ్లి మాట్లాడి, నర్సరీ వ్యాను నడపడానికి రమ్మన్నారు. ఆ వ్యానుకు మనిషి కావాలని ఆయన ఎప్పటి నుంచో అనుకుంటున్నారు కాబట్టి అందులో ఎవరికీ చిన్నతనం లేకపోయింది.

అత్తయ్య కాలికి ఏమీ లేదని నేను అనలేను. అనడానికి నేను డాక్టర్ని కాదు. కాలు విరిగినప్పుడు చూసిన డాక్టరు గారికి మరోసారి చూపిస్తే కండ కాస్త తగ్గిందనీ, నడవడం మానకూడదనీ అన్నారు. నన్ను ఆలోచింపజేసింది ఆ రెండో మాటే. బ్రేకు బిగిసిన దగ్గర్నుంచీ ఆవిడ కాలిని కాపాడుకోవాలని గట్టు ఎక్కడం మానేసింది, మెట్లు మానేసింది, వరసల్లో తిరగడం మానేసి స్టూలు మీద కూర్చుంది. పైపులో ఉన్న లోపం అలా మెల్లగా ఒంట్లోకి వచ్చి చేరుతోంది. ఇంకో ఏడాది అలాగే గడిస్తే అందరి అనుమానమూ నిజమే అయ్యేదేమో. ఇప్పుడు యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు ఎవరైనా ఫలానా మనిషికి చేతకావడం లేదని చెబితే, ముందు ఆ మనిషి చేతిలో ఉన్న వస్తువు చూస్తాను.

పైపు మార్చిన మర్నాడు భోజనాలయ్యాక, ఎండ దంచేస్తున్న వేళ, అత్తయ్య కారు తీసింది. ఆ వేళే ఎందుకని ఎవరూ అడగలేదు. మామయ్య తన సీట్లో కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. నర్సరీల మధ్య నుంచి పెద్దరోడ్డెక్కి పూలమార్కెట్టు దగ్గరికొచ్చేసరికి మామూలు రద్దీనే. బంతిపూల బుట్టలతో సైకిళ్లు, వెనక్కి వస్తున్న లారీ, అడ్డంగా ఆగిన ఆటో. అత్తయ్య ఆపింది, కదిలింది, ఆపింది. ఆటో కదిలినట్టే కదిలి మళ్లీ ఆగింది. మూడోసారి తొక్కింది. నేను వెనక నుంచి ఆవిడ భుజం చూస్తున్నాను. భుజం కదల్లేదు, ఒళ్లు ముందుకు వంగలేదు. పాదం ఒక్కటే పనిచేసింది.

రాజమండ్రి ఊళ్లోకి వచ్చాక దుకాణాల వైపు తిప్పుతుందనుకున్నాను. గోదావరి గట్టు వైపు తిప్పింది. మామయ్య ఎక్కడికని అడగలేదు. కాసేపు కిటికీలోంచి నది వైపు చూసి, “పెనుగొండ అమ్మవారి గుడికెళ్లి చాలా కాలమైంది. ఒకరోజు వెళ్దామా?” అన్నారు.

“ఒకరోజేంటండీ. ఇప్పుడు వంతెన ఎక్కితే సాయంత్రం దర్శనానికి అందుకుంటాం.”

“ఈ బట్టల్తోనా? చొక్కా అంతా మట్టి.”

“అమ్మవారికి నర్సరీవాళ్లు కొత్తా?”

మామయ్య చొక్కా ఒకసారి దులుపుకుని ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టే. కారు కొవ్వూరు వంతెన ఎక్కింది. కింద వేసవి గోదావరి, ఇసుక తిన్నెల మధ్య సన్నటి నీళ్లు. వంతెన మీద గాలి వేడిగానే ఉన్నా గాలే కాబట్టి బాగుంది. అవతలి ఒడ్డున దిగేచోట మా ముందు బస్సు ఉన్నట్టుండి ఆగింది. కారు దాని వెనక, మధ్యలో మనిషి నడిచి వెళ్లేంత చోటు వదిలి, నెమ్మదిగా ఆగింది. మామయ్య అది గమనించలేదు. తిరిగి వచ్చేసరికి ఆలస్యమవుతుంది గనక దారిలో ఎక్కడ టిఫిను చేస్తే బాగుంటుందో నాకు వివరంగా చెబుతున్నారు.